ఎవరూ తొక్కని మడి

పద్మారావు నగర్ సందుల్లోకి పొద్దున ఆరున్నరకు చెత్త కోసం రెండు బండ్లు వస్తాయి. ఒకటి మున్సిపాలిటీది, పాట పెట్టుకుని వస్తుంది. రెండోది రాఘవేందర్ ట్రాలీ ఆటో. దానికి పాట లేదు. సైలెన్సర్ ఊడిపోయి ఏడాదయింది కాబట్టి పాట అవసరం కూడా లేదు.

మున్సిపాలిటీ బండి అన్నీ తీసుకుంటుంది. రాఘవేందర్‌కు మాత్రం తడి చెత్త ఒక్కటే కావాలి. అరటి తొక్కలు, కూరగాయల చెక్కు, వడగట్టిన టీ పొడి, వాడిపోయిన కరివేపాకు. బకెట్ మూత తీసి వాసన చూశాడంటే ఆ ఇంట్లో నిన్న ఏం వండారో, ఏది తినకుండా పారేశారో చెప్పేస్తాడు. అందులో ప్లాస్టిక్ కనబడిందా, బెల్లు కొట్టి మరీ "అమ్మా, మీ సామాను మా దాంట్ల పడ్డది" అని చేతిలో పెట్టి వస్తాడు. పిల్లవాడి డైపర్ అలా వాపసు చేసినందుకు ఒకాయన కొట్టడానికి కూడా వచ్చాడు. "మన్నుకు సుత పండ్లుంటయా సారూ, గీ రబ్బరు నమలనీకి" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆటో స్టార్ట్ చేసుకున్నాడు.

పోగైన సరుకంతా కాప్రా చెరువు కింద ఉన్న ఒక ఎకరానికి పోతుంది. ఆ ఎకరం బ్రహ్మచారి అనే ముసలాయనది. రాఘవేందర్, అతని భార్య కమలాబాయి ఇరవై రెండేళ్లుగా దాన్ని కౌలుకు చేస్తున్నారు. చుట్టూ అపార్టుమెంట్లు లేచిపోయాయి. పొద్దు పదకొండు దాటితే గాని ఎండ కూర మీదికి దిగదు. అయినా పాలకూర, కొయ్యగూర అనే తోటకూర, పుంటికూర, మెంతి వేసి, కట్టలు కట్టి అమ్ముకుంటారు. యూరియా బస్తా ఆ గట్టు దాటి లోపలికి వచ్చింది లేదు. తెచ్చిన చెత్త గుంతలో పోసి, పైన ఇంత మన్ను కప్పి, నీళ్లు చల్లి, మూడు నెలలు మాగబెట్టి రాఘవేందర్ పెంట తయారు చేస్తాడు.

ఈ పెంట అనే మాట దగ్గరే ఒకసారి పెద్ద రభస అయింది. పద్మారావు నగర్‌లో అమ్మన్నమ్మ అని విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దావిడ ఉంది. ఆమె కూరగాయల చెక్కు బకెట్లో వేస్తుంది గానీ, దేవుడి పటాల మీద నుంచి తీసిన పూలు మాత్రం చెత్తలో వేయదు. అలా వేసే ఆడవాళ్లు ఆ సందులోనే లేరు. వెనకటికి వంతెన మీద నుంచి నీళ్లలోకి విసిరేవాళ్లు, ఇప్పుడు వంతెనలకు జాలీలు కట్టేశారు. "బాబూ, ఈ నిర్మాల్యం తీసుకెళ్లి ఎవరూ తొక్కని సోట ఎయ్యి" అని ఆవిడ ఒకరోజు పూల సంచి అందించింది. రాఘవేందర్ "సరే అమ్మా" అన్నాడు. చెత్త బండి మనిషి పొద్దున్నే ఎంతమందికి సరే అంటాడో లెక్క ఉంటుందా?

వారం తర్వాత ఆవిడ ఆపి అడిగింది. "నా పూలు ఏటి సేసినావు?"

"పెంటల కలిపిన అమ్మా."

ఇక చూడండి. ఆమె ఊళ్లో పెంట అంటే ముక్కు మూసుకోవాల్సిన పెంటే. అరగంట సేపు సందంతా వినబడేలా తిట్టింది. తిట్లెందుకో రాఘవేందర్‌కు బోధపడలేదు, ఎందుకంటే అతని ఊళ్లో వాకిట్లో పెంటకుప్ప ఎంత పెద్దగా ఉంటే ఆ ఇంటికి పిల్లనివ్వడానికి అంత ముందుకొచ్చేవాళ్లు. పక్కింటావిడ అర్థం విడమరిచి చెప్పాక అమ్మన్నమ్మ చల్లబడింది. "ఎరువయితే పరవానేదు. తొక్కకూడదు గానీ నాయనా. మాటివ్వు" అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

పొలం అన్నాక తొక్కని చోటు ఎక్కడిది? రాఘవేందర్ రెండు రోజులు ఆలోచించి, ఈశాన్యం మూలన నాలుగు గుంటల మడి, అంటే ఎకరంలో పదోవంతు, ఆ పూల కోసం విడిచాడు. అమ్మన్నమ్మను చూసి సందులో మిగతావాళ్లూ పూలు ఇవ్వడం మొదలుపెట్టారు. బంతి, చామంతి, మందారం, తులసి, పత్రి, అన్నీ తెల్లటి బియ్యం సంచిలో వేసి, చెత్త డ్రమ్ములకు తగలకుండా ఆటో పైకప్పు కొక్కానికి వేలాడదీసుకుని తెచ్చేవాడు. ఆ మడిలోనూ కూర వేశారు గానీ, మూడేళ్లు దానికి వేరే ఎరువు పడలేదు.

మూడో ఏడు వానలకు, కమలాబాయి పాలకూర కోయడానికి ఆ మడిలో కాలు పెట్టబోతే కాలు కిందికి పోలేదు. నేలకు జానెడు ఎత్తున ఆగింది. రెండో కాలు పెట్టి చూసింది, అదీ ఆగింది.

"ఏమయ్యా, గీ మడి తొక్కనిస్తలేదు" అన్నది.

రాఘవేందర్ వచ్చి చూశాడు. "మాటిచ్చినం గద" అని పక్క మడికి నీళ్లు మళ్లించడానికి పోయాడు.

మాట ఇచ్చింది అతను, నిలబెట్టుకున్నది మన్ను. అప్పటి నుంచి ఆ మడిలో కూర కోసేవాళ్లు జానెడు ఎత్తున గొంతుకూర్చునే కోస్తున్నారు. మొదట్లో చెయ్యి అందక నడుములు పట్టేశాయి, అందుకని కొడవళ్లకు పొడుగు పిడులు వేయించుకున్నారు. ఒకసారి కరెంటు వాళ్లు స్తంభం పాతడానికి వచ్చి, అక్కడ కాలు ఆనించి గడ్డపార వేయడం కుదరక, స్తంభాన్ని నాలుగడుగులు జరిపి పాతుకుని పోయారు.

ఆ మడి వల్ల అసలు లాభం కమలాబాయికి కలిగింది. ఆమెకు పదేళ్ల నుంచి షుగర్. పాదాల్లో స్పర్శ పోయింది. మొన్నటి వైశాఖంలో కుడికాలు బొటనవేలి కింద పుండు పడింది, రూపాయి బిళ్లంత. దవాఖానలో డాక్టర్ కల్పలత కట్టు విప్పి చూసి, "మూడు నెలలు ఈ కాలు నేల మీద పెట్టొద్దు. పెట్టినవంటే ముందు వేలు పోతది, తర్వాత కాలు పోతది" అని చెప్పింది.

"నొప్పి లేదమ్మా నాకు."

"నొప్పి తెల్వకపోవడమే అసలు కష్టం."

కమలాబాయి కూర్చునే మనిషా? గదిలో మంచం మీద కూర్చోబెడితే పొయ్యి మీద పాలు పొంగుతుంటే కట్టు సంగతే మరిచి దిగిపోతుంది. రాఘవేందర్ బుర్ర గోక్కుని మడి సంగతి డాక్టరుకు చెప్పాడు. ఆమె "అయితే మంచిదే. పొద్దంతా అక్కడనే ఉండమను. గట్టు దిగితే మాత్రం వాకర్" అని చీటీ మీద రాసిచ్చింది.

అలా షురూ అయింది. పొద్దున్నే రాఘవేందర్ ఆటోను మడి అంచు దాకా వెనక్కి తీసుకుపోయేవాడు. కమలాబాయి ట్రాలీలో నుంచి నేరుగా మడిలోకి దిగేది. సాయంత్రం దాకా కోసేది, ఏరేది, కట్టలు కట్టేది, మధ్యాహ్నం అక్కడే గాలిలోనే ఓ కునుకు తీసేది. పుండు నిజంగానే ఎండుతూ వచ్చింది. రూపాయి బిళ్ల అంత ఉన్నది బోనాల నాటికి చింతగింజంత అయింది. "ఇంకొక్క నెల. చర్మం వచ్చేస్తది" అని కల్పలత చెప్పిన రోజు రాఘవేందర్ దవాఖాన బయట రెండు కప్పుల చాయ్ తాగాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో, పిల్లాజెల్లా లేని ఇంట్లో, అతనికున్నది ఆ మనిషి ఒక్కతే. ఆమె కాలు నిలబడితే చాలు, ఇంకేదీ అక్కర్లేదనుకున్నాడు.

మర్నాడు బ్రహ్మచారి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"రాఘవా, ఆషాఢం పోంగనే భూమి కొనేటోళ్లు వస్తున్నరు. బుధారం నాడు చూసుకుంటరట. నచ్చితె అప్పటికప్పుడే బయానా పైసలు ఇస్తరట."

"ఒక్క నెల ఆపుండ్రి సేటూ. కమల కాలు మానుతున్నది."

"నాకు ఎరికే. నా ఒక్కని చేతుల ఉంటె ఏడాది ఆపుదును. అన్నదమ్ముల పంచాది రా ఇది, నా మాట ఎవడింటడు." ముసలాయన మొహం అటు తిప్పుకుని లేచి వెళ్లిపోయాడు.

రాఘవేందర్ ఈ సంగతి భార్యకు చెప్పలేదు. పరేషాన్ అయితే షుగర్ పెరుగుతుందని చెప్పలేదు. తనలో తానే నమిలాడు. కరెంటు స్తంభం గుర్తొచ్చింది. కాలు పెట్టనియ్యని భూమిని ఎవడు కొంటాడు? నాలుగు గుంటలు కాలు పెట్టనివ్వకపోతే మిగతా ముప్పై ఆరు గుంటలు చూసుకుని కొంటారు. మొత్తం ఎకరమే కాలు పెట్టనియ్యకపోతే?

పాపం, సేద్యగాడి బుర్ర ఎటు పోతుందో అటే పోయింది. పెంట కుప్పగా ఉంటే ఎవరికీ పనికిరాదు, చేనంతా చల్లితేనే చేనంతా పండుతుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అతను చేసింది ఆ పనే. మంగళవారం పొద్దున, ఎల్లమ్మ అని పక్క గదిలో ఉండే ఆవిడను తోడిచ్చి కమలాబాయిని కట్టు మార్పించుకోవడానికి దవాఖానకు పంపాడు. పార తీసుకుని, మడి గట్టు మీద పడుకుని, చేతులు చాపి, మూడేళ్ల నిర్మాల్యం మన్నును ఎత్తి గంపలకెత్తాడు. కూర మొక్కలకు తగలకుండా సాళ్ల మధ్య నుంచి తీశాడు. గంప తర్వాత గంప మోసి, చెయ్యి తిరిగినవాడు కాబట్టి, ఎక్కడా ఎక్కువా తక్కువా కాకుండా ఎకరమంతా చల్లాడు. అంత ఒళ్లొంచి అతను ఎన్నడూ పెంట చల్లలేదు.

పొద్దువాలే వేళకు చేనులో నడిచి చూశాడు. పాదం నేలకు తగల్లేదు. సంతోషంతో ఇంకో రెండు సాళ్లు నడిచాడు. వంగి చూస్తే ఎత్తు మాత్రం రెండు వేళ్లే ఉంది. ఒక వాన పడితే మన్నులో మన్ను కలిసి లేస్తుందిలే అనుకున్నాడు. మూలన ఉన్న అసలు మడి వైపు అతను చూడలేదు.

బుధవారం కమలాబాయి ఎప్పటిలాగే ట్రాలీ దిగింది. "ఇయ్యాల నేల జెర దగ్గరికొచ్చినట్టున్నదేంది?"

"రాత్రి సినుకులు పడ్డయి గద. మన్ను ఉబ్బింది" అన్నాడు.

ఆమె నమ్మింది. కొడవలి తీసుకుని కొయ్యగూర సాళ్లలోకి పోయింది.

పదింటికి కారు వచ్చింది. కొనడానికి వచ్చినాయన పేరు వరహాలబాబు, అపార్టుమెంట్లు కట్టే మనిషి. మోకాళ్ల నొప్పులు, మందపాటి బూట్లు. కొలిచేవాళ్లు టేపు పట్టుకుని వెనకే ఉన్నారు. రాఘవేందర్ గట్టు మీద నిలుచున్నాడు. వరహాలబాబు చేనులో అడుగు పెట్టాడు. అడుగు ఆగింది. రెండు వేళ్ల ఎత్తున ఆగింది గానీ, ఆ బూట్లలో ఆయనకు ఆ సంగతేం తెలుస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చాడు. మళ్లీ నడిచాడు. మొహం వెలిగిపోయింది.

"ఏటిది బ్రహ్మచారి గారూ, ఈ నేల మీద మోకాళ్ల నొప్పే తెలీడం నేదు. పదేళ్లయింది నేను ఇలా నడిసి. ఇరవై సైట్లు సూసాను గానీ ఇంత తేలికైన సైటు సూడనేదు. ఇంతకన్నా వాస్తు ఏటి కావాల?"

రేటు దగ్గర బేరం కూడా ఆడకుండా గట్టు మీదే బయానా ఇచ్చేశాడు. రాఘవేందర్ మడి మన్ను చల్లకపోయి ఉంటే ఆయన ఇంకో పది సైట్లు చూసుకునేవాడో ఏమో, నెల గడిచేదో ఏమో. ఆ ఆలోచన అప్పుడు రాలేదు రాఘవేందర్‌కు. కారు వెళ్లేదాకా అట్లాగే నిలబడి, తర్వాత మడి దగ్గరికి కట్టలు కట్టడానికి వెళ్లాడు.

కోసిన కొయ్యగూర కుప్ప పోసి ఉంది. కట్ట కట్టబోతే చేతికి ఎరుపు అంటింది. ఎర్ర తోటకూర కాదది, పచ్చదే. కింద చూశాడు. కోసిన సాళ్లలో మొదళ్లు నాలుగు వేళ్ల ఎత్తున, కొడవలి కోతకు ఏటవాలుగా మొనదేలి నిలబడి ఉన్నాయి. జానెడు ఎత్తున నడిచినన్నాళ్లూ అవి కమలాబాయి పాదాల కింద ఎక్కడో ఉండేవి. ఇప్పుడు ఆమె రెండు వేళ్ల ఎత్తున, వాటి మీదనే, ఒక సాలు నుంచి ఇంకో సాలుకు హాయిగా నడుస్తోంది. ప్రతి మొదలు చివరా ఎర్రగా ఉంది. ఆమె ఏదో కూనిరాగం తీస్తోంది.

"కమలా, ఆగు" అన్నాడు. పరుగున పోయి ఆమెను ట్రాలీలోకి ఎత్తాడు.

దవాఖానలో కల్పలత కట్టు విప్పి, అరికాలంతా తిప్పి చూసింది. "నేల మీద పెట్టినవా?" అని అడిగింది.

"లేదమ్మా, ఒట్టు. నేల తగలనే లేదు."

అది నిజం. డాక్టరమ్మ రాఘవేందర్ వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండర్ చూస్తూ ఉండిపోయాడు. సూదులు వేశారు, సెలైన్లు పెట్టారు, రెండుసార్లు కోసి కడిగారు. మూడో వారానికి వేళ్లు నల్లబడ్డాయి. శ్రావణమాసం చివరి శుక్రవారం నాడు, ఊరంతా పసుపూ పూలూ కొంటుంటే, మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

రాఘవేందర్ కమలాబాయి మొహంలోకి చూడలేక మందుల చీటీలు పట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ గడిపాడు. ఆమె మాత్రం ఏడవలేదు. "నా కర్మ. నువ్వేం జేస్తవ్ తియ్" అన్నది. ఆ మాటకు అతను వరండాలోకి పోయి స్తంభానికి తల కొట్టుకున్నాడు.

ఆమె ఇంటికి వచ్చిన నాలుగో రోజు జేసీబీ వచ్చింది. పాదాలంటే ఆ మన్నుకు పట్టింపు గానీ టైర్లంటే, గొలుసు చక్రాలంటే ఏ పట్టింపూ లేదు. ఒక్క పూటలో ఎకరం పైపొర అంతా గోకి టిప్పర్లకెత్తింది. ఓంప్రకాశ్ అనే డ్రైవరును రాఘవేందర్ బతిమాలుకున్నాడు.

"అన్నా, గీ మన్ను ఏడికి పోతది?"

"బొల్లారం దిక్కు. ఏదో రోడ్డు పక్క గుంత నింపనీకి."

"గా మూల నుంచి రెండు సంచులు తీసుకుంటనే. నీకు దండం."

ఓంప్రకాశ్ ఇంజన్ ఆపి బీడీ ముట్టించుకున్నాడు. బీడీ అయిపోయేదాకా రాఘవేందర్‌కు టైమిచ్చాడు. ఈశాన్యం మూలన పూల పోగు ఉండిన చోట, పార అందనంత కింద, కాస్త నల్లటి మన్ను మిగిలి ఉంది. చేతుల్తో గీకి రెండు సంచులు నింపుకున్నాడు.

గదిలో పొయ్యి ముందర ఇటుకలు పేర్చి, చాప అంత జాగాలో ఆ మన్ను పోశాడు. కమలాబాయిని వాకర్‌తో నడిపించి తెచ్చి అంచున నిలబెట్టాడు. ఆమె ఎడమకాలు పెట్టింది. బెత్తెడు ఎత్తున ఆగింది. తర్వాత, ఆలోచించకుండానే, ఇన్నేళ్ల అలవాటుతో, లేని కుడికాలు కూడా ముందుకేసింది. అదీ ఆగింది. చీర కుచ్చిళ్ల కింద ఆ వైపు ఏమీ లేదు, అయినా ఆమె ఒరగలేదు. పాదం నేలకు ఆనక్కర్లేని చోట అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత. వాకర్ వదిలేసింది. ఈ ఇటుకల నుంచి ఆ ఇటుకల దాకా నాలుగడుగులు నడిచి, తిరిగి వచ్చి, పొయ్యి వెలిగించింది.

రాఘవేందర్‌కు ఏడుపొచ్చింది. గోడకు జారగిలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కమలాబాయి ఉల్లిగడ్డ కోస్తూ అడిగింది. "గిది మన మడి మన్నేనా?"

"ఆఁ."

"రెండు సంచులకే బెత్తెడు లేపుతున్నది. మరి గా రోజు మడి ఎందుకు దిగింది? సినుకులకా?"

అతను అబద్ధం ఆడదామనే నోరు తెరిచాడు. కుదరలేదు. మంగళవారం నుంచి మొదలుపెట్టి చెప్పాడు. బ్రహ్మచారి వచ్చింది, తను పార తీసింది, గంపలెత్తింది, ఎకరమంతా చల్లింది, ఎత్తు రెండు వేళ్లకు దిగిందని తెలిసి కూడా సినుకులని చెప్పింది. ఆమె మధ్యలో ఆపలేదు. ఉల్లిగడ్డ అయిపోయింది, మిరపకాయలు కోసింది, గిన్నెలో నూనె పోసింది.

"కాలు కోసం జేసినవ్" అన్నది చివరికి.

"అవ్ కమలా."

"కాలు నాది గద. ఒక్క మాట అడిగితే ఏమాయె?"

 అతను లేచి, ఆమె దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుందామని ఇటుకల మీదికి ఒక అడుగు ఎత్తాడు.

"ఆడనే ఉండు" అన్నది కమలాబాయి. గొంతు పెంచలేదు, కోపం కూడా లేదందులో. "దీంట్ల ఇద్దరికి జాగ లేదు."

అప్పటి నుంచి వాళ్ల బతుకు అట్లాగే నడుస్తోంది. రాఘవేందర్‌కు చేను లేదు, ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు మోస్తాడు. పొద్దున మాత్రం పద్మారావు నగర్ పోయి అమ్మన్నమ్మ ఇచ్చే పూలు తెచ్చి, ఇటుకల ఇవతలే నిలబడి చెయ్యి చాపి ఇస్తాడు. కమలాబాయి అందుకుని తనే చల్లుకుంటుంది. ఎల్లమ్మ వస్తే లోపలికి పిలిచి కూర్చోబెట్టుకుంటుంది, ఇద్దరూ బెత్తెడు ఎత్తున కూర్చుని చాయ్ తాగుతారు. అన్నం అతనికి వేళకు పెడుతుంది, కూర మళ్లీ వేస్తుంది, జ్వరమొస్తే మాత్ర ఇస్తుంది. మునుపటిలాగే మాట్లాడుతుంది కూడా. ఇన్నేళ్ల కాపురంలో కాలు పెట్టొద్దని ఆమె అతనికి చెప్పిన చోటు అదొక్కటే. అతను పెట్టలేదు.